కొండమొసలి ఆఖరి పది నిమిషాలు

డబ్బా వచ్చింది!

గద్వాల కోట వెనక గల్లీల బండి ఆపి, కొరియరాయన "బాబు మియా అంటే ఎవరండీ?" అని అడిగిండు. గద్వాలల నిలవడి బాబు మియా ఎవరని అడుగుతుండంటే ఆయన ఈ ఊరోడు కాదని అక్కడ్నే తెలిసిపాయె. ముప్పై ఏండ్లు మైకు పట్టుకొని గల్లీ గల్లీ మొత్తుకున్న మనిషాయె. ఆయన దగ్గినా ఊరు గుర్తువడుతది. అరవై ఎనిమిదేండ్ల ఆ మనిషి అప్పుడు అరుగు మీద కూసోని గడ్డానికి మెహందీ పెట్టించుకుంటుండు. సగం గడ్డానికి మెహందీ, సగం తెల్లగ. "నేనే! నేనే బాబు మియా!" అని లుంగీ ఎగ్గట్టి ఉరికిండు. వెనకనుంచి భార్య కుల్సుమ్‌బీ గిన్నె పట్టుకొని "అజీ, జర ఆగుండ్రి, అంగీ మీద కారుతుంది!" అన్నది. ఎవరు ఆగుతరు?

డబ్బా రెండు ఇటుకలంత బరువున్నది. నల్ల అట్ట, దాని మీద బంగారు రంగు జపాన్ అక్షరాలు. అక్షరాల కింద, వీపు నిండ రాళ్లు మొలిచిన ఒక మహా జంతువు ఊరిని తొక్కుకుంట పోతుంది. బాబు మియా దాని మొఖం మీద వేలు పెట్టి నిమిరిండు.

"ఎవరిది గా బొమ్మ?" అని అడిగింది కుల్సుమ్‌బీ.

"అగో, గుర్తువట్టలేదా? మన కొండమొసలి! ముప్పై ఆరేండ్లకు ఇంటికొచ్చిందే!" అన్నడు. అంత ముసలాయన చిన్న పిలగాని లెక్క గెంతులేసిండు. నవ్వుతనే ఉన్నడు, కండ్లల్ల నీళ్లు గూడ తిరుగుతున్నయి.

కొండమొసలి అంటే ఏందో తెల్వనోళ్లకు మొదటికెంచి చెప్పాలె.

బాబు మియా వయసుల ఉన్నప్పుడు రిక్షాకు మైకు కట్టి సినిమా చాటింపు చేసేటోడు. ఇగ ఊర్లకు వీడియోలు వచ్చినయి, టాకీసులల్ల కుర్చీలు ఖాళీ అయినయి. సరే, మనమే వీడియో అయితే ఏమైతది అని పాత వీసీఆర్ ఒకటి, డబ్బా టీవీ ఒకటి కొని, జీపుల వేసుకొని ఊర్లు తిరిగిండు. తెలుగు సినిమాలు అందరు ఆడిస్తుండ్రి. ఈయనకు కొత్తది కావాలె. బొంబాయి వ్యాపారి ఒకాయన "ఫైటింగ్ సినిమాలు, మస్తుంటయి" అని క్యాసెట్లు ఒక మూట కట్టిచ్చిండు. తీరా చూస్తే అన్ని జపాన్‌వి. అన్నిట్ల పెద్ద పెద్ద జంతువులు. ఒక్క మాట అర్థం కాదు.

ఇంకోడైతే నెత్తి పట్టుకొని కూసుంటుండె. బాబు మియా మైకు పట్టుకున్నడు. బొమ్మ జపాన్‌ది, మాట పాలమూరుది. టోపీ పెట్టుకున్న మిలిట్రీ ఆయనకు 'పటేలు' అని పేరు పెట్టిండు, తెల్లకోటు ఆయన 'డాక్టర్ సాబ్'. సముద్రం ఒడ్డున నిలవడి జంతువును చూసి ఏడ్చే చిన్న పోరి 'పెంపుడు బిడ్డ'. జపానోళ్లు వింటే వాళ్ల సినిమా వాళ్లకే కొత్తగ అనిపిస్తుండె. "అగో, పటేలు వస్తుండు! ఆని మీసం చూడు, ఆని వేషం చూడు! బిడ్డా, పటేలు మాట నమ్మకు, ఆయన నిన్న గూడ గిట్లనే అన్నడు!" అని మొదలువెడితే ముసలోళ్లు గూడ లేచి ఈలలేసేటోళ్లు.

ఆయనకు ఒక నియమం ఉండె. సినిమా ముందుగాల చూడొద్దు. ఎన్నడు చూడలే. జనంతోని కలిసే చూడాలె, చూసుకుంటనే చెప్పాలె. "ముందే చూస్తే నోరు ముసలిదైతది" అనేటోడు.

ఆ నియమమే ఒకరోజు ఆయన మెడకు చుట్టుకున్నది.

వడ్డేపల్లిల బడి ముందట కొండమొసలి మొదటి ఆట. పొద్దు గూకింది. మూడొందల మంది కూసున్నరు. కరువు సంవత్సరం అది. అప్పుడే పెండ్లయిన ధరూర్ కిష్టయ్య అత్తగారింటికి వచ్చి, మొదటి వరసల భార్య నాగేంద్రమ్మ పక్కన కూసున్నడు. ఇటు పక్కన ఆయన అత్త సారమ్మ. పది దినాల కిందనే సారమ్మ ఎద్దు గడ్డిలేక కూలవడి పోయింది. తెర మీద రైలు వంతెన ఫటుక్కున విరిగింది. పైనుంచి విమానాలు గుండ్లు కురిపిస్తుంటే కొండమొసలి పడుకుంట లేసుకుంట సముద్రం దిక్కు పోతుంది. గప్పుడు వీసీఆర్ 'కిర్ర్' అన్నది. టీవీ నిండ చుక్కలు!

మిషిను టేపును నమిలేసింది. బాబు మియా చెయ్యిపెట్టి గుంజితే టేపు పేగుల లెక్క బయటికొచ్చింది. గబగబ దాన్ని తువ్వాల కింద దాచిండు.

ముందు వరసల సారమ్మ కొంగుతోని కండ్లు తుడుసుకుంటుంది. "నోరులేని జీవం. దాన్ని గట్లెందుకు కొడుతుండ్రు? బతుకుతదా మియా?" అని అడిగింది.

బాబు మియా టేపు దిక్కు చూసిండు. చుక్కల దిక్కు చూసిండు. ఆమె దిక్కు చూసిండు.

"బతుకుతదమ్మా!" అన్నడు మైకుల. "టీవీకి జర జ్వరమొచ్చింది గని సినిమా నడుస్తనే ఉన్నది. నేను చెప్త, మీరు ఇనుండ్రి."

ఇగ చెప్పిండు. కొండమొసలి సముద్రంల దుంకింది అన్నడు. సముద్రం నుంచి సముద్రం ఈదుకుంట మన కృష్ణమ్మ సముద్రంల కలిసే కాడికి వచ్చింది, నీళ్లు తాగితే తియ్యగున్నయి, ఇదే నా ఊరు అనుకున్నది. ఇగ మీదికి ఎక్కుడు మొదలువెట్టింది. బెజవాడ దాటింది, సాగర్ దాటింది, శ్రీశైలం దాటింది. "అగో, ఇప్పుడు జూరాల డ్యాం కడుతుండ్రు గదా, గా నీళ్లల్ల వచ్చి పండుకున్నది. చేన్లకు నీళ్లు పెట్టేటప్పుడు జర నిమ్మళంగ నడువుండ్రి, నిద్ర చెడుతది!" మూడొందల మంది చుక్కలు చూసుకుంట చప్పట్లు కొట్టిండ్రు.

వంతెన కాడికెల్లి ఆఖరు దాకా నలిగిన టేపంత కత్తిరించి పారేసిండు. అప్పటిసంది ఏ ఊర్ల ఆడించినా వంతెన కాడ సినిమా ఆగుడు, చుక్కలు వచ్చుడు, బాబు మియా 'టీవీకి జ్వరం' అనుడు. నలభై ఊర్లల్ల గట్లనే నడిపిండు. అబద్ధమాడినా అతికినట్టుండాలె అంటరు, అతికిందనే అనుకున్నడు. ఆ మాట జనంల ఎంత పాకిందంటే, ఇయ్యాల్టికి గూడ వానకాలం జూరాల గేట్లు ఎత్తి నీళ్లు గర్జిస్తుంటే ధరూర్ దిక్కు ముసలోళ్లు "కొండమొసలి లేసింది" అంటరు.

అంత బాగనే ఉన్నది గని, ఆయన కడుపుల ఒక ముల్లు ఉండిపాయె. అసలు సినిమా ఎట్ల అయిపోతదో ఆయనకే తెల్వదు. హైదరాబాద్ పోయి అడిగిండు, రాయచూర్ పోయి అడిగిండు. ఎవరికీ తెల్వదు. తర్వాత కేబుల్ వచ్చింది, వీసీఆర్ మూలకు పడ్డది. బాబు మియా మర్ల మైకు పట్టుకొని చీరల దుకాణాలకు, తప్పిపోయిన మేకలకు చాటింపు చేసుకుంట బతికిండు. ముల్లు మాత్రం అట్లనే ఉన్నది. టేపు తెగిన సంగతి కుల్సుమ్‌బీకి ఒక్కదానికే చెప్పుకున్నడు.

పోయిన ఎండకాలం, కొడుకు బిడ్డ ఉమేరా అటక దులుపుతుంటే ఆ క్యాసెట్టు అట్ట దొరికింది. వనపర్తిల డిగ్రీ చదువుతది ఆ పోరి, మస్తు హుషారు. అట్టను ఫోన్ల ఫోటో తీసి వెతికింది. ఇంకేముంది! ఆ కాలం నాటి జపాన్ పెద్ద జంతువుల సినిమాలు పన్నెండింటిని కడిగి, తుడిచి, గీతలు తీసేసి, దాచుకునేటోళ్ల కోసం ఒక పెట్టెల పెట్టి అమ్ముతుండ్రంట. కొన్ని పెట్టెలే చేసిండ్రంట. "దాదా, పూర్తి సినిమా అంట! ఒక్క నిమిషం గూడ కత్తిరించలేదంట!" అని ఉమేరా అంటే బాబు మియా "తెప్పియ్ బిడ్డా, ఎంతైనా సరే!" అన్నడు. కుల్సుమ్‌బీకి భయమైంది. నాలుగు నెలలు ఎదురు చూసినంక, ఇగో, గా డబ్బా ఇదే.

సగం మెహందీతోనే ఆటో ఎక్కి ధరూర్ పోయిండు. కిష్టయ్య గోదాంల పల్లికాయ ఎత్తిస్తుండు. ఇప్పుడు ఆయనకూ యాభై ఎనిమిది నిండినయి.

"కిష్టా! కొండమొసలి వచ్చింది! పూర్తిగ వచ్చింది!"

కిష్టయ్య చేతుల బస్తా అట్లనే కింద పడేసిండు. "నిజమా భాయ్? అల్లా కసమా?"

"కసం! ఐతారం మూడు గంటలకు ఆట. ఎక్కడ ఆడిద్దాం చెప్పు."

"ఎక్కడేంది, గోదాం లేదా? పల్లికాయ అంత బయట వేయిస్త. మా కొడుకు విజయ్ ఇంట్ల గోడంత టీవీ ఉన్నది, పట్టుకొస్త. ఓ నాగేంద్రా, ఇన్నవా? మియా కొండమొసలిని తెచ్చిండట!" అని ఇంట్లకు మొత్తుకుంట ఉరికిండు. నాగేంద్రమ్మ పిండి చేతులతోనే బయటికొచ్చి "మా అమ్మ ఉంటే ఎంత ఖుష్ అవుతుండెనో" అన్నది. ఆ మాటకు బాబు మియా తలకాయ జర కిందికి వంచిండు.

అక్కడ్నే ఆటోకు మైకు కట్టిచ్చిండు. "వస్తుంది వస్తుంది! ముప్పై ఆరేండ్లకు మర్ల వస్తుంది! జ్వరం లేని టీవీల, ఆఖరి దాకా కొండమొసలి!" అని ధరూర్ చుట్టుపక్కల అంత చాటిండు. ఇరవై ఏండ్లాయె ఆ గొంతు గట్ల లేవక. పత్తి చేన్లల్ల ఉన్న ఆడోళ్లు నడుము ఎత్తి చూసిండ్రు.

సాయంత్రం ఇంటికొచ్చి డబ్బా విప్పి, డిస్కు తీసి ఇంట్లున్న పాత ప్లేయర్ల పెట్టిండ్రు. అది లోపలికి తీసుకున్నది, గుర్రుమన్నది, బయటికి కక్కింది. మర్ల పెట్టిండ్రు, మర్ల కక్కింది.

"ఇది కొత్త రకం డిస్కు దాదా. దీనికి ప్లేయర్ వేరే ఉంటది. పైగ జపాన్ డిస్కు మన దిక్కు ప్లేయర్లన్నిట్ల ఆడది" అన్నది ఉమేరా, నాలుక కరుసుకొని.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!" అన్నది కుల్సుమ్‌బీ. "ప్లేయరే లేదు, ఊరంత చాటొచ్చిండు!"

ఇగ పరేషాన్ చూడాలె! గద్వాలల దుకాణాలన్ని తిరిగిండ్రు. నాగర్‌కర్నూల్‌కు ఫోన్లు కొట్టిండ్రు. అడిగినోడల్లా "ఇప్పుడు డిస్కులు ఎవరు చూస్తున్నరు చాచా?" అనుడే. శనివారం పొద్దున ఉమేరా వనపర్తి నుంచి ఫోన్ చేసింది. బస్టాండ్ దగ్గర యేసయ్య అని ఒక మెకానిక్ ఉన్నడంట. ఎవరో రిపేర్‌కు ఇచ్చి తీసుకపోని ప్లేయర్ ఒకటి ఆయన దగ్గర ఉన్నదంట, దాంట్ల ఏ దేశం డిస్కైనా ఆడుతదంట. బాబు మియా డబ్బాను తువ్వాలల చుట్టుకొని, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకొని బస్సు ఎక్కిండు.

యేసయ్య మంచోడే. పని గూడ పక్కా. అదే ముప్పు తెచ్చింది.

డిస్కు పెట్టిండు. టీవీ మీద నీళ్లు కనవడ్డయి, ఆ నీళ్లను చీల్చుకుంట కొండమొసలి తల లేసింది. గీత లేదు, చుక్క లేదు! ఒక్కొక్క నీటిబొట్టు కనవడుతుంది. "యా అల్లా!" అని బాబు మియా ఉమేరా భుజం పట్టుకొని ఊపేసిండు. "చాలు చాలు, బంద్ చెయ్ బిడ్డా, రేపు జనంతోనే చూస్త!"

"ఉండు చాచా. మొదలు ఆడితే సరిపోదు. నడుమ గూడ చూడాలె, ఆఖరు గూడ చూడాలె. నా దుకాణం నుంచి పోయిన సామాను మర్ల వాపస్ రావొద్దు" అని యేసయ్య బటన్ నొక్కుకుంట పోయిండు. నడుమ ఆడింది. ఆఖరుకు వచ్చింది. బాబు మియా మొఖం తిప్పుకునేలోపే కండ్లు చూసేసినయి.

సముద్రం ఒడ్డు. కొండమొసలి ఇసుక మీద పడి ఉన్నది. నీళ్లు నాలుగడుగుల దూరంల ఉన్నయి. పాక్కుంట పోయింది, పోలేకపోయింది. తోక మాత్రం తడుస్తుంది. కండ్లు మూసింది. పటేలు, ఆయన మనుషులు టోపీలు పైకి ఎగిరేసి నవ్వుతుండ్రు. చచ్చిపోయింది.

"ఫస్ట్ క్లాస్ ఆడుతుంది చాచా!" అన్నడు యేసయ్య.

బస్సుల గద్వాల దాకా బాబు మియా యేసయ్య ఇచ్చిన ప్లేయర్‌ను ఒళ్లె పెట్టుకొని కిటికీ దిక్కే చూసిండు. ఉమేరానే మెల్లగ "దాదా, ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దాం. ఎవరేమంటరు?" అన్నది.

"ఏమంటరా? నలభై ఊర్లల్ల అబద్ధం చెప్పినోడివి అంటరు. బిడ్డా, నాకు పొలం లేదు, దుకాణం లేదు. నాకున్నది గీ నోరొక్కటి. నోరు మంచిదైతే ఊరు మంచిదైతది అంటరు. రేపటితోని గా నోరు పోతది" అన్నడు. "సారమ్మకు బతుకుతదని చెప్పిన. ఆమె ఆ మాట నమ్మి పోయింది."

ఇంటికొచ్చేసరికి ఒక ఉపాయం చేసిండు. ఏం ఉపాయం, దొంగ ఉపాయం! టీవీ ప్లగ్గు కాడ ఉమేరా కూసోవాలె. వంతెన విరగంగనే తను మూడుసార్లు దగ్గుతడు. ఉమేరా ప్లగ్గు గుంజాలె. కరెంటు పోయిందని చెప్పి, మిగిలింది మైకుల తనే చెప్తడు, పాత తీరుగనే. ఉమేరాకు మనసొప్పలే. తాత మొఖం చూసి సరే అన్నది.

ఐతారం. గోదాంల అడుగు పెట్ట సందు లేదు! కిటికీలకు తాటిపత్రి పట్టాలు కట్టి చీకటి చేసిండ్రు. వడ్డేపల్లి నుంచి రెండు ఆటోలు వచ్చినయి, ఇంకా ఎక్కడెక్కడోళ్లో మోటార్ సైకిళ్ల మీద వచ్చిండ్రు. నాగేంద్రమ్మ గంపల నిండ బొరుగులు కలిపి పంచుతుంది. అప్పుడు పిల్లలుగ చూసినోళ్లు ఇప్పుడు మనుమలను ఒళ్లె కూసోవెట్టుకున్నరు. అంత లొల్లి! బాబు మియా ఇస్త్రీ షేర్వానీ వేసుకొని, పూర్తిగ ఎర్రవడ్డ గడ్డంతోని మైకు పట్టుకున్నడు. నీళ్లల్ల నుంచి కొండమొసలి తల లేసింది. గోదాం అంత ఒక్కసారి "వచ్చింది!" అని అరిచింది. అంతే, ఆయన భయం ఎటు పోయిందో పోయింది.

"అగో వచ్చిండ్రమ్మా పటేలు గారు! ముప్పై ఆరేండ్లయినా ఆ మీసం నెరవలే, ఆ బుద్ధి మారలే!" అన్నడు. ఈలలు! "ఓ డాక్టర్ సాబ్, ఆ సూది దాని తొడకు ఎక్కుతదా? గడ్డపార పట్టుకరా!" అన్నడు. నవ్వులు! పెంపుడు బిడ్డ ఒడ్డున నిలవడి చెయ్యి ఊపితే, ఆమె మాట బాబు మియా చెప్పకముందే జనమే చెప్పిండ్రు: "పైలం బిడ్డా, పటేలున్నడు!" ఒక్క అక్షరం మరువలే ఎవరు. బాబు మియాకు ఒళ్లంత పూనకం వచ్చినట్టైంది. ఇంత సంబురం ఆయన జన్మల చూడలే.

రైలు వచ్చింది. వంతెన వచ్చింది. వంతెన విరిగింది.

ఇగ దగ్గాలె. మూలకు ప్లగ్గు మీద చెయ్యివెట్టి ఉమేరా ఆయన్నే చూస్తుంది. బాబు మియా గొంతు సవరించుకున్నడు. గప్పుడే ఆయన కన్ను మొదటి వరస మీద పడ్డది. కిష్టయ్య బొరుగులు నోట్ల పెట్టుకొని నమలడం మరిచి, కండ్లు ఇంతింత చేసి చూస్తుండు. ఇరవై రెండేండ్ల పిలగాడు ఎట్ల చూసిండో అట్లనే. ఇంతమంది ముప్పై ఆరేండ్లు ఎదురు చూసిండ్రు, తను గూడ ఎదురు చూసిండు. తను చూసినంక వాళ్లకు చూపియ్యకుండ దాచుడు ఏం ఇన్సాఫ్, ఏం న్యాయం?

దగ్గలే. మైకు కింద పెట్టిండు.

సినిమా నడిచింది. విమానాలు వచ్చినయి. కొండమొసలి పడ్డది, లేసింది, మర్ల పడ్డది. ఇసుక. నాలుగడుగుల దూరంల నీళ్లు. కండ్లు మూసింది. టోపీలు పైకి లేసినయి. ఒళ్లె కూసున్న పసిపోరి ఒకతి ఏడుపు అందుకున్నది.

"భాయిలారా" అని బాబు మియా లేచిండు. మైకు తీసుకోలే. "ఇది అసలు సినిమా. నేను చెప్పింది అబద్ధం. వడ్డేపల్లిల టేపు తెగింది. టీవీకి జ్వరం రాలే, ఏం రాలే. ఆఖరు నేను గూడ చూడలే. నోటికొచ్చింది చెప్పిన. నలభై ఊర్లను మోసం చేసిన. నాగేంద్రమ్మా, మీ అమ్మకు గూడ అబద్ధమే చెప్పిన. మాఫ్ చెయ్యుండ్రి." గడ్డం మీదికెల్లి కన్నీళ్లు జారుతున్నయి.

కిష్టయ్య నోట్లె బొరుగులు మింగిండు. లేచి, నడుము మీద చేతులు పెట్టుకున్నడు.

"అయ్యిందా భాయ్?"

"అయ్యింది."

"నలభై ఊర్లల్ల, అన్ని ఆటలల్ల, అదే వంతెన కాడ టీవీకి జ్వరమొస్తదా భాయ్? మమ్మల్ని ఇంత ఎడ్డోళ్లను చేసినవా?"

గోదాంల ఎవరో కిసుక్కున నవ్విండ్రు.

"వడ్డేపల్లిల నేను మొదటి వరసల ఉన్న. నీ తువ్వాల కిందికెల్లి టేపు ఏలాడుతుండె, ఎద్దు తోక లెక్క. అందరం చూసినం. మా అత్త గూడ చూసింది."

"సారమ్మ గూడనా?"

"నేను నవ్వబోతే నా తొడ గిచ్చింది ఆమెనే! 'నోరు మూసుకొని ఇను అల్లుడా, ఆయన పాపం ఎంత కష్టపడి దాన్ని బతికిస్తుండో' అన్నది."

బాబు మియా పల్లికాయ బస్తా మీద కూలవడ్డడు.

"ఆ తర్వాత నువ్వు మల్దకల్ పోతే నేను సైకిల్ మీద మల్దకల్ వచ్చిన. అయిజ పోతే అయిజ వచ్చిన. ఏందనుకున్నవు, సినిమా కోసమా? సినిమా చూసిందే గదా! చుక్కల కోసం వచ్చిన భాయ్. చుక్కలు వస్తే నువ్వు మొదలువెడుతవని వచ్చిన. ఒక్కొక్క ఊర్ల ఒక్కొక్కటి కొత్తగ కలిపేటోనివి. గీళ్లంత గందుకే వచ్చిండ్రు, అడుగు!"

"అవును మియా!" అన్నరు వడ్డేపల్లి ఆటోలోళ్లు. "నిజమే చాచా!" అన్నరు ఇటుదిక్కోళ్లు. ఒకాయన "మా ఊర్ల సాగర్ గేట్లల్ల తలకాయ ఇరికిందని చెప్పినవు, అది మరిచినవా?" అన్నడు. ఇంకొకాయన "మా ఊర్ల శ్రీశైలం కాడ మల్లన్న తొవ్వ ఇచ్చిండు!" అన్నడు. "మా ఊర్ల పీర్ల పండుగకు ఆగింది!" అన్నది ఒక ముసలామె. ఎవరి ముక్క వాళ్లు పట్టుకొని లేచిండ్రు. బాబు మియా ఏడుస్తుండో నవ్వుతుండో ఆయనకే తెల్వదు.

కిష్టయ్య మూలకు తిరిగి "ఉమేరా బిడ్డా, జర వెనక్కి తిప్పు. వంతెన కాడ ఆపి, గా ప్లగ్గు గుంజెయ్!" అన్నడు. "జపానోళ్లది ఆడిదాకనే. ఆన్నుంచి మన మియాది."

ఉమేరా ఎగిరి లేచి, సినిమాను వంతెన కాడికి తిప్పింది. తాత దొంగతనంగ గుంజుమన్న ప్లగ్గును, ఊరంత చూస్తుండంగ, నవ్వుకుంట గుంజింది. గోడంత టీవీ నల్లగైంది. కుల్సుమ్‌బీ మైకు తీసి, కొంగుతోని తుడిచి, భర్త చేతుల పెట్టింది.

చీకట్ల అందరు సర్దుకొని కూసున్నరు. వెనక నుంచి నాగేంద్రమ్మ గొంతు వచ్చింది. అచ్చం సారమ్మ గొంతే.

"బతుకుతదా మియా?"

బాబు మియా కండ్లు తుడుసుకున్నడు. మైకు నోటి కాడికి తెచ్చుకున్నడు.

"బతుకుతదమ్మా!" అన్నడు. "నీళ్లు నాలుగడుగుల దూరమే ఉన్నయి. గా నాలుగడుగులు ఎట్ల దాటిందో చెప్త, ఇనుండ్రి!"